తెల్ల ఇసుక తిన్నె మీద అడగాల్సిన మాట

మారిఫేని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె మొహం నిలువెత్తు మనిషంత ఉంది. నా ప్రింటింగ్ మిషన్‌లోంచి మెల్లమెల్లగా బయటికొస్తోంది. ముందు నుదురు, తర్వాత సగం మూసుకున్న కళ్లు, ఆ తర్వాత ఏదో పులుపు కొరికినట్టున్న మూతి. గడ్డం దాకా వచ్చేసరికి అసలు మనిషి నీళ్లు కారుతున్న గొడుగుతో షాపులోకి వచ్చింది.

"ఆపండి," అంది.

"ఏమిటండీ?"

"అదే. నా మొహం. ఆపేయండి."

మా ఊరు కగాయన్‌లో ఇంట్లో ఎవరైనా పెద్ద పరీక్ష పాసైతే గేటుకి ఫ్లెక్సీ కట్టాల్సిందే. కట్టకపోతే వీధిలోవాళ్లు తప్పిందేమో అనుకుంటారు. ఈ పిల్ల ఫార్మసిస్టు పరీక్ష పాసైంది. వాళ్ల లోలా, అంటే అమ్మమ్మ, పొద్దున్నే వచ్చి ఆర్డరిచ్చి వెళ్లింది.

"మధ్యలో ఆపితే మిషన్ పాడవుతుందండీ. ఇంకా మెడ, భుజాలు రావాలి," అన్నాను.

"ఆ ఫోటో ఎవరిచ్చారు మీకు?"

"మీ లోలాయే. అన్నిట్లోకీ ఇదే బాగుందన్నారు."

"అది నా ఓటరు కార్డు ఫోటో. మా లోలాకి కళ్లలో శుక్లాలు."

"నాకు లేవు. నాకూ బాగానే ఉంది."

ఆమె నన్ను కాల్చేసేలా చూసింది. విసురుగా వెళ్లిపోదామని వెనక్కి తిరిగింది కానీ బయట వాన దంచికొడుతోంది. గొడుగు కూడా అప్పటికే ఒక ఊచ విరిగి ఉంది. చేసేదిలేక బల్ల మీద కూర్చుని, ఆరబెట్టిన తన మొహాన్నే చూస్తూ వాన తగ్గేదాకా గడిపింది. తగ్గే ముందు ఒకసారి నవ్వింది కూడా. నేను చూడలేదనుకుంది.

తర్వాత ఆమెకి మా వీధిలోనే, సరిగ్గా నా షాపుకి ఎదురుగా ఉన్న మందుల షాపులో ఉద్యోగం వచ్చింది. మూడేళ్లయింది. రోజూ మధ్యాహ్నం నా షాపులో కూర్చుని అన్నం తింటుంది. నా డబ్బాలో చేప బాగుంటే అది తనది, బాగోకపోతే నాది. నాకు జ్వరమొస్తే తిట్టుకుంటూ మందులు తెస్తుంది. వాళ్లింట్లో ఫ్యాను పాడైతే నేనెళ్తాను. మా ఇద్దరి మధ్యా అన్నీ ఉన్నాయి, చెప్పాల్సిన ఒక్క మాట తప్ప. ఆ మాట చెప్పడానికే నేను కమిగిన్ ప్రయాణం పెట్టుకున్నాను.

కమిగిన్ దీవికి వెళ్దామని మా స్నేహితుల్లో మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. మా వైపు ప్రతి గుంపుకీ ఇలాంటి ప్రయాణం ఒకటి ఉంటుంది. ఎవరి పుట్టినరోజుకైనా కూర్చుంటే వెళ్దాం అంటారు. వేసవి రాగానే వెళ్దాం అంటారు. గ్రూపులో సముద్రం ఫోటోలు పంపుకుంటారు. ఆ తర్వాత ఒక్కరూ కదలరు. అలాంటి ప్రయాణాన్ని మేం బొమ్మ అంటాం. గీసుకుని చూసుకోవడానికే తప్ప ఎక్కి కూర్చోవడానికి పనికిరాదని.

నేను అలాంటి మనిషిని కాను. ప్లాను వేస్తే అది జరిగి తీరాలి, లేకపోతే నాకు అన్నం సయించదు. చీకటితో బలింగోవన్ రేవుకి బస్సు, అక్కణ్ణించి మొదటి పడవ, మధ్యాహ్నం చల్లనీళ్ల కొలను, సాయంత్రం వేణ్నీళ్ల కొలను, అడోబో కూర ఎవరు వండాలి, అన్నం గిన్నె ఎవరు మోయాలి, తిరిగొచ్చేటప్పుడు ఇంటికి ఏ బేకరీలో బన్నులు కొనాలి, అంతా నా నాలుక చివర ఉంది. రెండో రోజు తెల్లారుజామున మాత్రం తెల్ల ఇసుక తిన్నె. సముద్రం మధ్యలో ఒట్టి ఇసుక. చెట్టు లేదు, పాక లేదు, దాక్కునే చోటు లేదు. నాలాంటి పిరికివాడికి అలాంటి చోటే కావాలి. అక్కడ నిలబడ్డాక మాట మార్చి ఎటూ పోలేను.

ఐదుగురం బయల్దేరాలి. నేను, మారిఫే, జోమార్, ఆర్నెల్, అతని భార్య తెస్సీ. అందరికీ ఒకే రకం టీ షర్టులు కూడా అచ్చేశాను. అక్కడే తప్పు చేశాను. టీ షర్టులు అచ్చయ్యాయంటే ప్రయాణం జరగదని మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ముందు జోమార్ ఫోన్ చేశాడు.

"రోడెల్, ఏమనుకోకు. మా బాస్ సెలవివ్వనన్నాడు."

"బాస్ ఎవర్రా? మంగలి షాపు నీదే కదా."

"అందుకే చెప్తున్నా. వాడి సంగతి నాకు బాగా తెలుసు. చాలా మొండివాడు."

తర్వాత ఆర్నెల్ వచ్చి తల గోక్కున్నాడు. "తెస్సీ వాళ్ల చెల్లి బిడ్డకి బాప్తిస్మం. మేమిద్దరం జ్ఞాన తల్లిదండ్రులుగా పక్కన నిలబడాలి."

"బిడ్డ ఇంకా పుట్టలేదు కదా?"

"ఈలోపు పుడుతుందిలే."

సాయంత్రం మారిఫే వచ్చి బల్ల మీద కూర్చుని కాళ్లూపింది. "అయితే మనిద్దరమే మిగిలామా?"

"అలాగే ఉంది."

"నువ్వు మానేస్తావా?"

"నేను మానను."

"నేనూ మానను," అంది తను వీధి వైపు చూస్తూ. వానకి ముందు వచ్చే మట్టివాసన లోపలికి వస్తోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "కానీ లోలాని అడగాలి. ఐదుగురం వెళ్తున్నామని చెప్పాను. ఇద్దరం అంటే ఊరుకోదు."

"నేనొచ్చి అడుగుతాను."

"నువ్వా? మొన్న మా కుక్కని చూసి గేటు దగ్గరే ఆగిపోయావు."

"కుక్క వేరు, లోలా వేరు."

"నిజమే. కుక్కని కట్టేయొచ్చు."

ఆదివారం చర్చి అయ్యాక వెళ్లాను. లోలా ఇస్యాంగ్ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాను. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కోకో కాచి పోసింది. మారిఫే పిన్ని తీతా బెలెన్ కూడా అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను ప్రయాణం సంగతి చెప్పాను. మిగతావాళ్లు రాలేకపోతున్నారనీ చెప్పాను.

లోలా చాలాసేపు కప్పులోకి ఊదింది. "నేనొకటి అడుగుతాను, సూటిగా చెప్పు అబ్బాయ్. మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?"

మారిఫే చెయ్యి కప్పు మీద ఆగిపోయింది.

"దాని మీద మనసుంటే మీ అమ్మానాన్నల్ని తీసుకొచ్చి మాట్లాడించు. నాకేం అభ్యంతరం లేదు," అంది లోలా. "కానీ మాట అనుకున్నాక పెళ్లయ్యేదాకా ఇద్దరూ ఊరు దాటేది లేదు. పెళ్లి కుదిరిన జంట ప్రయాణం చేస్తే మంచిది కాదు. అదేం లేదు, ఒట్టి స్నేహితులమే అంటావా, బెలెన్‌ని తోడిచ్చి పంపిస్తాను. వెళ్లి రండి."

ఔనంటే ప్రయాణం పోతుంది. ప్రయాణం పోతే ఇసుక తిన్నె పోతుంది. అక్కడ అడగాలని మూడేళ్లుగా దాచుకున్న మాట ఇక్కడ, ఈ చిక్కుడు తొక్కల మధ్య, అమ్మమ్మకి జవాబుగా చెప్పాలా? ముందు తనని అడక్కుండానే? నా బుర్ర అప్పుడు లెక్కలేసింది కానీ మారిఫే మొహం చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"ఏమీ కాము లోలా," అన్నాను. "స్నేహితులం. అంతే."

"అంతేనా?"

"అంతే."

మారిఫే లేచి కప్పులన్నీ తీసింది. నేనింకా తాగుతున్న కప్పు కూడా తీసేసింది. గిన్నెలు కడిగే చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తను అన్నానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీధికి అవతల కౌంటర్ వెనక తెల్లకోటు కనిపిస్తూనే ఉంది, తల మాత్రం ఇటు తిరగలేదు. సాయంత్రానికి గ్రూపులో రెండు ముక్కలు పెట్టింది. "నాకు డ్యూటీ పడింది. నేను రావట్లేదు."

అలా కమిగిన్ ప్రయాణానికి నేనూ, తీతా బెలెనూ మిగిలాం.

తీతా బెలెన్ ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. కొత్తగా కొన్న గడ్డి టోపీ పెట్టుకుని నా షాపుకి వచ్చింది. "ఎలా ఉంది రోడెల్? గాలికి ఎగిరిపోకుండా రిబ్బన్ కూడా ఉంది."

"బాగుంది తీతా. మారిఫేకి డ్యూటీ మారదటా?"

"డ్యూటీ ఏమిటి? ఆ వారమంతా దానికి సెలవిచ్చారుగా. ఇంట్లో కూర్చుని ఉప్పు డబ్బాతో సహా అన్నీ తోమేస్తోంది." టోపీ సర్దుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు చాలా బాగా ప్లాన్లు వేస్తావటగా. మారిఫే చెప్పేది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో అన్నీ తెలుసట నీకు."

ఆవిడ ఎత్తిపొడిచిందో, నిజంగానే మెచ్చుకుందో తెలీలేదు. వెళ్లాక షాపులో ఒక్కణ్ణీ కూర్చున్నాను. నాకు బాధగా ఉంది, ఒట్టి బాధ కాదు, భయంగా ఉంది. రేపటి నుంచి ఈ వీధిలో ఆ తెల్లకోటు అలా అటు తిరిగే ఉంటే నేను ఈ షాపు తెరిచి ఏం చేస్తాను? అందరి పెళ్లిళ్లకీ ఫ్లెక్సీలు అచ్చేసుకుంటూ ఇక్కడే ముసలివాణ్ణవుతాను. నేను ఇష్టపడింది ఆ దీవిని కాదు. ఇంత చిన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

వాన మొదలైంది. గొడుగు కూడా తీసుకోకుండా రోడ్డు దాటాను.

మందుల షాపులో చాంతాడంత వరుస. కొందరు మందులకి, కొందరు వానకి. వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి చొక్కా నుంచి నీళ్లు కారి నా చుట్టూ చిన్న మడుగైంది.

"ఏం కావాలి సర్?" అంది మారిఫే. సర్ అనే మాటతో మనిషిని అంత దూరం నెట్టొచ్చని నాకు తెలీదు.

"పడవలో కడుపులో తిప్పకుండా మాత్రలు."

"ఎంతమందికి?"

"అది నువ్వే చెప్పాలి."

"స్నేహితులకి మేం సలహాలివ్వం. పక్కకి జరగండి."

"మారిఫే, విను. నన్ను పెళ్లి చేసుకుంటావా అని ఆ ఇసుక తిన్నె మీద నిన్ను అడుగుదామనుకున్నాను. ఈ ప్రయాణమంతా అందుకే. లోలా ముందు నిజం చెప్తే ప్రయాణం పోతుందని అబద్ధం చెప్పాను."

నా వెనకున్న పెద్దావిడ దగ్గుతున్నదల్లా ఆపేసింది.

మారిఫే గొంతు తగ్గించింది. "లోలా అడిగినప్పుడు నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను తెలుసా? ప్రయాణం పోతే పోయింది, ఈ మనిషి ఇవాళైనా నోరు తెరుస్తాడనుకున్నాను. నువ్వు తెరిచి ఏమన్నావు? ఏమీ కాము అన్నావు."

"ఆ చోటు కోసం..."

"ఎప్పుడూ చోటే నీకు. మూడేళ్లుగా నేనెక్కడున్నాను రోడెల్? ఇక్కడే కదా, రోడ్డుకి ఈ పక్క. నన్ను చూడ్డానికి నీకు పడవ కావాలా?"

వెనకున్న పెద్దావిడ నా భుజం మీద తట్టింది. "బాబూ, ఆ పిల్ల ఔనందా కాదందా? నాకు బీపీ మాత్రలు కావాలి. మీ ఇద్దరి వల్ల ఇంకా పెరిగేలా ఉంది."

"ఆయన మళ్లీ వరుసలో వస్తారండీ," అంది మారిఫే. నా వైపు తిరిగి, "వెనక్కెళ్లి నిలబడండి సర్," అంది.

వెళ్లి నిలబడ్డాను. జనం జరిగి చోటిచ్చారు. ఒకాయన జలుబు మందు కొనుక్కుని కూడా వెళ్లకుండా గుమ్మంలో ఆగాడు. మారిఫే ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పింది, ఇది తిన్నాక వేసుకోండి, ఇది పడుకునే ముందు అని. నా వంతు మళ్లీ వచ్చేసరికి వాన సన్నబడింది. నా వెనక ఎవరూ లేరు.

"ఇప్పుడడుగు," అంది.

ఇసుక తిన్నె మీద ఏమేం అనాలో అంతా అనుకుని పెట్టుకున్నాను. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "నువ్వు లేకపోతే నాకు మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కావట్లేదు. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

తను కళ్లు తుడుచుకుంది. "చేసుకుంటాను. కానీ ఈ రాత్రే లోలాకి చెప్పాలి. చెప్తే కమిగిన్ లేనట్టే."

"పోనీ."

"మూడేళ్ల ప్లాను."

"పోనీ మారిఫే."

గుమ్మంలో జలుబాయన చప్పట్లు కొట్టాడు.

ఆ పై వారం అమ్మా నాన్నా పెద్ద పళ్లెం నిండా పాన్సిత్ నూడుల్స్ పట్టుకుని వాళ్లింటికి వచ్చారు. నాన్న పెద్దగా మాట్లాడడు. అమ్మ అందరి వంతూ మాట్లాడింది. క్రిస్మస్ ముందు పెళ్లి అనుకున్నారు. ఆ సంగతి గ్రూపులో పెట్టగానే జోమార్‌కి సెలవు దొరికింది. ఆర్నెల్ వాళ్ల బాప్తిస్మం వాయిదా పడింది. ప్రయాణం లేదనేసరికి అందరూ తయారు.

ఆ రోజు అమ్మా నాన్నా వెళ్లాక నేనూ, మారిఫే, లోలా ఇస్యాంగ్ వంటింట్లో మిగిలాం. నా నోరు ఊరుకోదు కదా.

"లోలా, ఇప్పుడు పెద్ద పడవలొచ్చాయి. గంట ప్రయాణం. అందరికీ లైఫ్ జాకెట్లు కూడా ఇస్తారు. పెళ్లి కుదిరినవాళ్లు వెళ్లకూడదన్నది పాతకాలం మాట కదా."

మారిఫే బల్ల కింద నా కాలు తొక్కింది.

లోలా కోపం తెచ్చుకోలేదు. ఒంట్లో నలతగా ఉన్న పిల్లాడిని చూసినట్టు చూసింది. "మీ తాతకంటే ముందు నాకింకొకరితో పెళ్లి కుదిరింది మారిఫే. మీ అమ్మకి కూడా సరిగ్గా తెలీదు. అతని పేరు ఫాస్టో. పెళ్లి విందుకి పంది కావాలి, కమిగిన్‌లో వాళ్ల అత్త దగ్గర మంచిది ఉందన్నాడు. చిన్న పడవ. పొద్దున సముద్రం నూనె పోసినట్టుంది. రేవు దాకా నేనూ వెళ్లాను."

ఆగి, బల్ల మీద పడ్డ అన్నం మెతుకుని వేలితో తీసింది.

"మా అమ్మ వద్దంది. పెళ్లి కుదిరాక ప్రయాణాలేమిటంది. నేనే నవ్వాను. పాతకాలం మాట అన్నాను. వెళ్లు, తొందరగా రా అన్నాను." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఖాళీ పడవ ఒక్కటే దొరికింది. మీ తాత మంచివాడు, ఆయనకి ఇదంతా తెలుసు. నన్ను ఎప్పుడూ సముద్రం దగ్గరికి తీసుకెళ్లలేదు. నాది నమ్మకమో భయమో నాకు తెలీదు అబ్బాయ్. ఏదైతేనేం, ఇంకోసారి వెళ్లు అనలేను."

మారిఫే ఏడుస్తోంది. నా మాటలకి నాకే సిగ్గేసింది.

"పెళ్లయ్యేదాకా ఎక్కడికీ వెళ్లం లోలా," అన్నాను. ఈసారి ఏదీ సాధించుకోవడానికి అన్న మాట కాదు.

లోలా తలూపింది. అప్పుడు అడిగింది. "దీన్ని ఎక్కడ అడుగుదామనుకున్నావు?"

చెప్పాను. మొదటి పడవ నుంచి మొదలుపెట్టి, కొలనులు, తిన్నె, బన్నులు, అంతా. ఆవిడ మధ్యమధ్యలో అడుగుతూ వింది. ఆ తిన్నె ఎంత పెద్దది, నిలబడితే కాలికి ఇసుక అంటుకుంటుందా, అక్కణ్ణించి మన ఒడ్డు కనిపిస్తుందా. కనిపిస్తుందన్నాను. పొద్దున్నే అయితే కొండలు కూడా కనిపిస్తాయన్నాను. ఫాస్టో ఆ ఉదయం ఆ దీవి దాకా చేరాడో లేదో, అక్కడ నిలబడి ఒకసారి ఇటు చూశాడో లేదో, ఇన్నేళ్లూ ఆవిడ ఆలోచిస్తూనే ఉందని నాకప్పుడు అర్థమైంది.

"పెళ్లయ్యాక వెళ్దురుగాని," అంది చివరికి. "నేనూ వస్తాను."

మారిఫే కన్నీళ్ల మధ్యే తలెత్తింది. "లోలా, అది మా హనీమూన్."

"తెలుసే. నాకు వేరే గది తీసుకోండి. మీ గొడవ నాకెందుకు."

నేను నవ్వాను. మారిఫే కూడా నవ్వింది. లోలా నవ్వలేదు.

"పడవలో మాత్రం నన్ను మధ్యలో కూర్చోబెట్టండి. చెరో చెయ్యీ పట్టుకోండి. అవతలి ఒడ్డు వచ్చేదాకా వదలకండి," అని, ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నట్టు బల్ల మీద రెండు చేతులూ చాపింది.

మేం చెరొకటీ పట్టుకున్నాం. పడవ ఎక్కడానికి ఇంకా నెలలున్నాయి. ఆవిడ వేళ్లు అప్పుడే మా చేతుల్ని గట్టిగా బిగించాయి.